కార్పల్ టన్నెల్ ఆపరేషన్: ఓపెనా, ఎండోస్కోపీనా? లోపల అసలేం చేస్తారు?

అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 56 ఏళ్లు, షుగర్ ఉంది, ఇంట్లో బట్టలు కుడతారు. రెండేళ్లుగా రాత్రిళ్లు చేతుల తిమ్మిరితో నిద్ర లేస్తున్నారు. నరాల టెస్టులో కుడిచేయి తీవ్రం, ఎడమచేయి మధ్యస్థం అని వచ్చింది. ఒక సర్జన్ అరచేతిలో కోసి చేస్తానన్నారు, ఇంకొకరు చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చూస్తూ చేసే ఎండోస్కోపీ మేలన్నారు. ఏది చేయించాలి, లోపల ఏం చేస్తారు, మళ్ళీ మిషన్ దగ్గర ఎప్పుడు కూర్చోవచ్చు?

కార్పల్ టన్నెల్ జబ్బంటే మణికట్టు ఎముకలకూ వాటి మీద కప్పులా ఉండే లిగమెంట్ అనే గట్టి పట్టీకీ మధ్య సందులో చేతి వేళ్లకు వెళ్లే మీడియన్ నరం నొక్కుకుపోవడం. ముందు జవాబు చెప్పేస్తాను. ఏడాది గడిచాక చూస్తే రెండు పద్ధతుల ఫలితమూ ఇంచుమించు ఒకటే. తేడా ఉన్నదల్లా మొదటి నెలా రెండు నెలల్లోనే. పైన కోత ఎంత పొడవన్నది పెద్ద విషయం కాదు. లోపలి లిగమెంట్ చివరి పోగు దాకా తెగిందా, కోస్తున్నంతసేపూ సర్జన్ కంటికి కనబడుతూ ఉందా, ఆపరేషన్ నాటికే నరం ఎంత దెబ్బతిని ఉంది, ఈ మూడే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి "ఏ పద్ధతి" అని తేల్చుకోలేక ఇంకో ఆరు నెలలు గడపడం అన్నింటికంటే చెడ్డ ఎంపిక. ముఖ్యంగా ఆ కుడిచేతికి.

ఆపరేషన్ దాకా వెళ్లేముందు జబ్బు ఇదేనా అని ఒకసారి సరిచూసుకోండి. మీడియన్ నరం పరిధిలోకి వచ్చేవి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో బొటనవేలి వైపు సగం. చిటికెన వేలు బాగుండాలి. "అన్ని వేళ్లూ తిమ్మిరే" అని చాలామంది అంటారు గానీ, రాత్రి తిమ్మిరి వచ్చినప్పుడు చిటికెన వేలిని విడిగా గిల్లి చూసుకోమంటే తేడా తెలుస్తుంది. చెయ్యి విదిలిస్తే హాయిగా ఉండటం ఈ జబ్బుకు చాలా బలమైన గుర్తు. అరచేతిలో బొటనవేలి మొదట ఉండే మెత్తని భాగం మీద చర్మానికి స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే ఆ చర్మానికి వెళ్లే చిన్న కొమ్మ మణికట్టుకు సుమారు 5 సెం.మీ. పైనే విడిపోయి, లిగమెంట్ మీదుగా వెళుతుంది, దాని కిందుగా కాదు. అక్కడ కూడా మొద్దుబారి ఉంటే నరం ఇంకా పైన ఎక్కడో నొక్కుకుంటోందని అనుమానించాలి. మెడ దగ్గర సీ6, సీ7 నరాలు నొక్కుకున్నా వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కానీ అప్పుడు మెడ తిప్పితే నొప్పి భుజం మీదుగా పాకుతుంది. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు దీనికి తలకిందులు: మెడ ఎక్స్‌రేలో వయసుకు తగ్గ అరుగుదల కనబడగానే కాలర్ పెట్టి, బీ12 గోలీలు రాసి, చేతిని వదిలేయడం. మన ప్రాంతంలో కుష్ఠును కూడా మరవకూడదు. మణికట్టుకు కాస్త పైన నరం తాడులా లావుగా చేతికి తగిలితే, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలుంటే, అది వేరే జబ్బు, వేరే వైద్యం.

థైరాయిడ్, షుగర్, కీళ్లవాతం రక్తపరీక్షలు చేయించి ఉంటారు. షుగర్ ఉందని ఆపరేషన్ పనిచేయకుండా పోదు. షుగర్ వల్ల నరాలు విడిగా దెబ్బతిని ఉంటే ఆ భాగం మాత్రం మిగిలిపోతుంది. రాత్రి నిద్ర లేపే బాధ పోతుంది, వేలికొసల మొద్దుతనం కొంత ఉండిపోవచ్చు. ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే తర్వాత సర్జన్‌ని తిట్టుకుంటారు.

ఆపరేషన్ లేకుండా కుదరదా అంటే, ఎడమచేతికి ఇంకా ఆ అవకాశం ఉంది. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ రాత్రిపూట ఆరు వారాలు వాడాలి. బజారులో దొరికేవి చాలావరకు మణికట్టును 20, 30 డిగ్రీలు వెనక్కి వంచి ఉంచుతాయి. లోపలి రేకును బయటికి తీసి, తిన్నగా చేసి పెట్టుకోవాలి. టన్నెల్ లోపలి ఒత్తిడి మామూలు మనిషిలో 2 నుంచి 3 మి.మీ. పాదరసం ఉంటే ఈ జబ్బులో 30 దాటుతుంది. మణికట్టు పూర్తిగా వంచితే 90 కూడా దాటిపోతుంది. నిద్రలో చెయ్యి మడిచి తలకింద పెట్టుకునేవాళ్లు అర్ధరాత్రి లేచేది అందుకే. స్టెరాయిడ్ ఇంజెక్షన్, సాధారణంగా 40 మి.గ్రా., కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా హాయినిస్తుంది, తర్వాత చాలామందికి తిరగబెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత నాలుగైదు రోజులు రీడింగులు పైకెళతాయి. అయినా ఇంజెక్షన్‌తో బాగా తగ్గిందంటే ఆపరేషన్‌తో కూడా తగ్గుతుందని చెప్పే మంచి సూచన అది.

కుడిచేయి విషయం వేరు. తీవ్రం అన్నారంటే వేళ్ల స్పర్శ సంకేతాలు దాదాపు అందకుండా, బొటనవేలి కండరానికి సంకేతం బాగా ఆలస్యంగా చేరుతూ ఉండాలి. మంచి వెలుతురులో రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదటి కండను చూడండి. కుడివైపు పల్లం పడి ఎముక అంచు తేలితే స్ప్లింట్లు, ఇంజెక్షన్లతో కాలయాపన చేయకూడదు. కరిగిపోయిన ఆ కండ తిరిగి రావడం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇప్పుడు లోపల ఏముందో చూద్దాం. మణికట్టు ఎముకలు కింద దోనెలా ఉంటాయి, పైన అడ్డంగా దళసరి లిగమెంట్ కప్పు వేసి ఉంటుంది. ఆ లిగమెంట్ చిటికెన వేలి వైపు పిసిఫార్మ్ ఎముకకు, హామేట్ ఎముక కొక్కేనికి, బొటనవేలి వైపు స్కాఫాయిడ్, ట్రెపీజియం ఎముకలకు అతుక్కుని ఉంటుంది. ఆ సందులో వేళ్లు మడిచే టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, తొమ్మిది, వాటి మీద మీడియన్ నరం ఒకటి, మొత్తం పది ఇరుక్కుని వెళతాయి. లిగమెంట్‌ను నిలువునా కోసి వదిలేస్తే దాని రెండు అంచులూ ఎడమై సందు పెద్దదవుతుంది. ఆ ఎడం కొత్త కణజాలంతో నిండి, లిగమెంట్ కాస్త పొడవైనదై అతుక్కుంటుంది. ఎముకలు జారిపోవు, చెయ్యి ఊడిపోదు. 1933లో జేమ్స్ లియర్‌మంత్ రాసినప్పటి నుంచి, 1950లలో జార్జ్ ఫేలెన్ దీన్ని అందరికీ తెలిసేలా చేసినప్పటి నుంచి, అన్ని పద్ధతుల సారమూ ఈ ఒక్క కోతే. మారుతూ వచ్చిందల్లా ఆ కోత దగ్గరికి చేరే దారి.

ఆ దారిలో పోకూడని చోట్లు నాలుగున్నాయి. బొటనవేలి కండరానికి వెళ్లే మోటార్ కొమ్మ మొదటిది. మామూలుగా లిగమెంట్ దాటాక విడిపోయి వెనక్కి తిరుగుతుంది, కానీ కొందరిలో లిగమెంట్ కిందే విడిపోతుంది, ఇంకొందరిలో లిగమెంట్‌ను చీల్చుకుంటూ పైకి వస్తుంది. రెండోది ఇందాక చెప్పిన అరచేతి చర్మపు కొమ్మ. మూడోది లిగమెంట్ చివర దాటగానే కొవ్వులో ఉండే రక్తనాళపు వంపు. నాలుగోది చిటికెన వేలి వైపు గయాన్ కాలువ అనే పక్క సందులోని అల్నార్ నరం, ధమని. వీటన్నిటికీ మధ్యలో క్షేమమైన గీత ఉంగరం వేలి వరసలో ఉంది. అందుకే ఓపెన్ అయినా, ఎండోస్కోపీ అయినా ఆ వేలినే గురిగా పెట్టుకుంటారు.

మత్తు గురించి. ఈ ఆపరేషన్‌కు పూర్తి మత్తు అవసరం చాలా అరుదు. రెండు మార్గాలున్నాయి. పాతది: పైచేతికి టోర్నికే, అంటే రక్తప్రవాహం ఆపే గాలి పట్టీ, కట్టి 250 మి.మీ. పాదరసం దాకా ఎక్కించి, కోత చోట మొద్దుబార్చే లిగ్నోకెయిన్ ఇచ్చి చేయడం. రక్తం కనబడదు, పని శుభ్రంగా ఉంటుంది. అయితే కోసిన చోటికంటే కట్టిన పట్టీయే ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు దాటితే ఓర్చుకోవడం కష్టం. కొత్తది కెనడాకు చెందిన డొనాల్డ్ లలాండ్ ప్రచారంలోకి తెచ్చిన వాలాంట్: టోర్నికే ఉండదు, మగతమందు ఉండదు. 1 శాతం లిగ్నోకెయిన్‌లో రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ లక్షకు ఒక పాలు కలిపి, మంట తెలియకుండా పది పాళ్లకు ఒక పాలు సోడియం బైకార్బొనేట్ చేర్చి, మొత్తం 20 మి.లీ. దాకా ఇస్తారు. 27 నంబరు లేదా అంతకంటే సన్నని సూదితో ముందు మణికట్టు గీతకు పైన సగం, కాసేపాగి అరచేతిలో మిగతా సగం. ఇచ్చేశాక 25 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఈ పద్ధతిలో జరిగే తప్పు ఎక్కువగా ఇక్కడే. పళ్ల డాక్టర్ దగ్గరలా ఐదు నిమిషాలకే కోత పెడితే మొద్దుబారడం బారుతుంది గానీ అడ్రినలిన్ ఇంకా రక్తనాళాలను బిగించి ఉండదు. గాయం రక్తంతో నిండితే పనితనం పోతుంది. అడ్రినలిన్‌తో కలిపినప్పుడు లిగ్నోకెయిన్ హద్దు కిలోకు 7 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి 420, ఇక్కడ వాడేది 200 మాత్రమే. "వేళ్లకు అడ్రినలిన్ ఇస్తే కుళ్లిపోతాయి" అన్న పాత భయం ఈ మోతాదుల్లో నిలవలేదు. ఏదైనా అనుమానమొస్తే విరుగుడుగా ఫెంటోలమీన్ ఉంది. షుగర్ మనిషికి వాలాంట్ సుఖం: పరగడుపున ఉండక్కర్లేదు, ఇన్సులిన్ లెక్క తప్పదు, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చేతికి ఇంకా మేలు, ఎందుకంటే ఆ చేతికి టోర్నికే కట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. రక్తం పలచబరిచే ఆస్పిరిన్ లాంటివి దీనికోసం మామూలుగా ఆపక్కర్లేదు, కానీ గుండె డాక్టర్‌ని అడగకుండా ఏదీ మీ అంతట మీరు ఆపకండి.

ఓపెన్ పద్ధతి ఇలా సాగుతుంది. చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెడతారు. బొటనవేలిని పక్కకు చాపి, దానికీ చూపుడు వేలికీ మధ్య సందు నుంచి అరచేతి అడ్డగీతకు సమాంతరంగా ఒక గీత గీస్తారు. దాన్ని కాప్లాన్ గీత అంటారు. ఉంగరం వేలి బొటనవేలి వైపు అంచు నుంచి మణికట్టు దాకా ఇంకో గీత. కోత ఈ రెండో గీత మీద, మణికట్టు మడతకు కాస్త దిగువన మొదలై కాప్లాన్ గీత రాకముందే ఆగాలి. మామూలుగా 3 నుంచి 4 సెం.మీ., మినీ ఓపెన్ అంటే 2 నుంచి 2.5. మణికట్టు మడతను తిన్నగా దాటి కోయకూడదు. మచ్చ గట్టిపడి మడత దగ్గర లాగుతుంది, చర్మపు కొమ్మ తెగే ప్రమాదమూ అక్కడే. తప్పనిసరై దాటాల్సి వస్తే చిటికెన వేలి వైపు వంకరగా తిప్పుతారు.

15 నంబరు బ్లేడుతో చర్మం, తర్వాత కొవ్వు, దాని కింద నిలువు పోగులతో అరచేతి పొర. కొందరిలో దాని కింద ఎర్రగా ఒక పలచని కండ అడ్డం వస్తుంది. ఆ తర్వాత తెల్లగా మెరుస్తూ అడ్డ పోగులు కనబడితే అదే లిగమెంట్. నిలువు పోగులు, అడ్డ పోగులు అన్న ఈ తేడా చూడకుండా పైపొర కోసి "అయిపోయింది" అనుకోవడం అనుభవం తక్కువైనవాళ్లు చేసే తప్పు. లిగమెంట్‌లో ముందు చిన్న కిటికీ తెరిచి, కిందుగా మెక్‌డొనాల్డ్ డిసెక్టర్ లాంటి మొద్దు పరికరం దూర్చి, నరాన్ని దాని చాటున ఉంచి, దాని మీదే బ్లేడు నడుపుతారు. గీత చిటికెన వేలి వైపే ఉండాలి. అలాగని హామేట్ కొక్కేన్ని పూర్తిగా ఆనుకుని కాదు, నాలుగైదు మి.మీ. అంచు మిగలాలి. అంచు మిగలకపోతే టెండన్లు కొక్కెం మీదికి జరిగి రాసుకుంటాయి. గీత బొటనవేలి వైపుకు జరిగితే మోటార్ కొమ్మ తెగుతుంది.

వేళ్ల వైపు ఎంత దాకా? లిగమెంట్ దాటగానే పసుపుపచ్చని కొవ్వు ముద్ద పైకి ఉబుకుతుంది. రక్తనాళపు వంపు అందులో ఉంటుంది. ఆ కొవ్వు కనబడేదాకా కోయాలి, కనబడ్డాక ఆగాలి. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన చేతులు తెరిచి చూస్తే చాలాసార్లు దొరికేది ఈ చివర తెగకుండా మిగిలిన పట్టీయే. మోచేతి వైపు కూడా లిగమెంట్ అక్కడితో తెగిపోయి ఆగదు, ముంజేతి పొరగా సాగుతుంది. చర్మాన్ని రిట్రాక్టర్‌తో ఎత్తి పట్టుకుని, కంటితో చూస్తూ, కత్తెరతో మడతకు పైన ఇంకో 2, 3 సెం.మీ. ఆ పొర తెరవాలి. కళ్లు మూసుకుని కత్తెర తోయడం ఎంత వేగంగా కనిపించినా మంచి పనితనం కాదు. ఆ తర్వాత మొద్దు పరికరం రెండు వైపులా అడ్డు లేకుండా జారుతోందా అని సరిచూస్తారు. నరం నొక్కుకున్న చోట నడుము సన్నబడి, దాని పైన ఉబ్బి, వదలగానే ఎర్రబారడం చాలాసార్లు కంటికే కనబడుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక చేయకూడనివి కొన్ని. నరం పైపొర చీల్చడం, లోపలి పోగులను విడదీయడం ఒకప్పుడు చేసేవారు. లాభం లేదని, మచ్చలు పెరుగుతాయని పోల్చి చూసిన అధ్యయనాల్లో తేలింది. తీవ్రంగా ఉన్న చేతికి కూడా మామూలుగా వద్దు. టెండన్ల చుట్టూ ఉండే పొరను అందరికీ ఒలిచేయడమూ అనవసరం. ఆ పొర బాగా ఉబ్బి, చెమర్చి కనబడితే మాత్రం తీసి పరీక్షకు పంపాలి. కీళ్లవాతం కావచ్చు, మన దేశంలో క్షయ కావచ్చు. బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు బయటికి వస్తే మొదటి అనుమానం క్షయే. వయసు మళ్లిన మగవాళ్లలో రెండు చేతులకూ ఈ జబ్బు వస్తే ఆ ముక్కను అమిలాయిడ్ అనే అసాధారణ ప్రోటీన్ కోసం కూడా చూడమనడం మంచిది, గుండెలో అదే పదార్థం పేరుకోవడానికి చాలా ఏళ్ల ముందు చేతుల్లో కనబడవచ్చు.

టోర్నికే వాడి ఉంటే కుట్టేముందు వదిలి, కారుతున్న నాళాలను బైపోలార్ అనే కరెంటు వేడి పరికరంతో మూసేయాలి. లిగమెంట్‌ను కుట్టరు. చర్మానికి మాత్రం 4-0 లేదా 5-0 నంబరు సన్నని నైలాన్ దారంతో నాలుగైదు కుట్లు. మెత్తని కట్టు, వేళ్లు మొత్తం బయటికి. పని మొత్తం పదిహేను ఇరవై నిమిషాలు.

ఎండోస్కోపీ 1980ల చివర్లో జపాన్‌లో ఒకుత్సు, అమెరికాలో జేమ్స్ చౌ చేతుల మీదుగా మొదలైంది. చౌ పద్ధతికి రెండు రంధ్రాలు, మణికట్టు దగ్గర ఒకటి, అరచేతిలో ఒకటి. వాటి మధ్య గాడి ఉన్న గొట్టం దూర్చి, ఒకవైపు నుంచి కెమెరా, ఇంకోవైపు నుంచి కొక్కెపు కత్తి. 1992లో వచ్చిన ఏజీ పద్ధతికి ఒకటే రంధ్రం: మణికట్టు మడతలో 1 నుంచి 1.5 సెం.మీ. అడ్డకోత, ముంజేతి పొరలో చిన్న తలుపు. ముందు లిగమెంట్ అడుగున అతుక్కున్న పొరను ప్రత్యేక పరికరంతో గీకి శుభ్రం చేస్తారు. అప్పుడు అడ్డ పోగులు చేతికి గరుగ్గా మెట్లుమెట్లుగా తగలాలి. అలా తగలకపోతే పరికరం టన్నెల్‌లో కాదు, గయాన్ కాలువలో ఉందేమోనని అనుమానించాలి. తర్వాత కెమెరా, కత్తి ఒకే పిడిలో ఉన్న పరికరాన్ని ఉంగరం వేలి వైపు గురిపెట్టి, కొక్కేన్ని ఆనుకుంటూ లోపలికి తోస్తారు. తెరమీద తెల్లని అడ్డ పోగులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. చివరి అంచు గుర్తుపట్టి, అక్కడ కత్తి పైకి లేపి, వెనక్కి లాగుతూ కోస్తారు. రెండు అంచులూ ఎడమై మధ్యలోంచి కొవ్వు దిగితే పూర్తిగా తెగినట్టు.

పోగులు స్పష్టంగా కనబడకపోయినా, కత్తి ముందు నరమో టెండనో అడ్డం వచ్చినా, ఆపి ఓపెన్‌లోకి మారాలి. అలా మారడం వైఫల్యం కాదు. మీరు కలిసే సర్జన్‌ని "కనబడకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. "ఓపెన్ చేసేస్తాను" అని తడుముకోకుండా అన్నవాళ్లను నమ్మొచ్చు. "మాకు అలాంటి అవసరం రాదు" అన్నవాళ్ల దగ్గర కాస్త ఆలోచించండి. పాత ఆపరేషన్ తిరగబెట్టిన చేతికి, మణికట్టు బిగుసుకుపోయి వెనక్కి వంగని చేతికి, ఎముక విరిగి వంకరగా అతికిన చేతికి, టన్నెల్‌లో గడ్డ ఉన్నా పొర బాగా ఉబ్బి ఉన్నా ఎండోస్కోపీ పనికిరాదు.

రెంటినీ పక్కపక్కన పెడితే: ఎండోస్కోపీలో అరచేతిలో మచ్చ నొప్పి తక్కువ, పనిలోకి సగటున ఓ వారం ముందు వెళతారు, తాత్కాలికంగా నరం కమిలి వేళ్లు మొద్దుబారడం మాత్రం కాస్త ఎక్కువ. నరం తెగడం లాంటి పెద్ద ప్రమాదాలు రెండింటిలోనూ అరుదే. ఒకసారి వాడి పారేసే కత్తి ఖర్చు ఎండోస్కోపీకి అదనం. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని కత్తితోనో, సూదితో దూర్చిన దారంతో లిగమెంట్‌ను రంపంలా కోసో చేసే పద్ధతులు కూడా వచ్చాయి. చేయి తిరిగినవాళ్ల దగ్గర బాగానే ఉన్నాయి, కానీ అలాంటివాళ్లు మన దగ్గర ఇంకా కొద్దిమందే. అమ్మగారి కుడిచేతికి నా ఓటు ఓపెన్‌కే, అది మినీ అయినా సరే. తీవ్రంగా నొక్కుకున్న నరాన్ని, చుట్టూ ఉన్న పొరను కంటితో చూడటం అక్కడ వారం రోజుల సెలవు కంటే విలువైనది. ఎడమచేతికి, ఎండోస్కోపీ తరచూ చేసే సర్జన్ దొరికితే, అదైనా పర్వాలేదు.

బొటనవేలు ఎత్తి మిగతా వేళ్లకు ఎదురుగా పెట్టలేని స్థితి వచ్చి ఉంటే, అదే పూట పామారిస్ లాంగస్ టెండన్‌ను అరచేతి పొర పట్టీతో సహా తీసి బొటనవేలికి కలిపే కామిట్జ్ పద్ధతి ఉంది. దీనికి ఓపెన్ కోతే కావాలి, అది కూడా పొడవుగా. అందరికీ ఆ టెండన్ ఉండదు. బొటనవేలు, చిటికెన వేలు కొసలు కలిపి మణికట్టు కొద్దిగా వంచితే మధ్యలో తాడులా లేస్తే ఉన్నట్టు.

ఆపరేషన్ తర్వాత. ఆ సాయంత్రం నుంచే వేళ్లు పూర్తిగా మడిచి చాపడం, గంటకు పదిసార్లు. మొదటి మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో. వేలాడేసుకుని తిరిగితే వాచి బిగుస్తుంది. మణికట్టుకు పీవోపీ కట్టు, స్ప్లింట్ మామూలుగా అక్కర్లేదు. యాంటీబయాటిక్ కోర్సు కూడా, షుగర్ ఉన్నా సరే, ఈ చిన్న శుభ్రమైన ఆపరేషన్‌కు తప్పనిసరి కాదు. కట్టు తడవనివ్వకండి, గాయం మీద పసుపు, ఆకుపసర్లు పూయకండి. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అరచేతి చర్మం దళసరి, షుగర్ మనిషి అయితే 14 రోజుల దాకా ఆగడమే మంచిది. మూడో వారం నుంచి కొబ్బరినూనెతో మచ్చ మీద గట్టిగా, గుండ్రంగా, రోజుకు మూడు నాలుగు సార్లు రుద్దాలి.

రాత్రి నిద్ర లేపే నొప్పి చాలామందికి మొదటి వారంలోనే పోతుంది. తిమ్మిరి నెమ్మదిగా, వారాల నుంచి నెలల్లో. కండ బలం అన్నింటికంటే ఆలస్యం, నరం పోగులు తిరిగి పెరిగేది రోజుకు 1 మి.మీ. చొప్పున. పట్టు బలం మొదటి నెలలో ఆపరేషన్‌కు ముందున్న దానికంటే తగ్గుతుంది, మూడు నెలలకు సమానమవుతుంది. ఇది తెలియక "ఆపరేషన్ చెడిపోయింది" అని బెంగపడేవాళ్లు చాలామంది. అరచేతి మొదట రెండు దిమ్మల దగ్గర నొక్కితే వచ్చే నొప్పి, దాన్ని పిల్లర్ పెయిన్ అంటారు, ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా ఉండొచ్చు. చెయ్యి ఆన్చి నేల మీంచి లేచేటప్పుడు, చపాతీ కర్ర నొక్కేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది. అది లిగమెంట్ కోసినందుకు వచ్చేది, ఏ పద్ధతిలో చేసినా కొంతమందికి తప్పదు, దానంతట అదే తగ్గుతుంది. ఈ ఆపరేషన్ అయిన కొన్ని నెలల్లో వేలు మడిచినప్పుడు టక్కున పట్టేసే ట్రిగ్గర్ ఫింగర్ రావడమూ షుగర్ ఉన్నవాళ్లలో చూస్తాం. దానికి వేరే చిన్న వైద్యం ఉంది.

తగ్గలేదంటే మూడు రకాలుగా ఆలోచించాలి. అసలు ఒక్కరోజు కూడా తగ్గలేదంటే లిగమెంట్ పూర్తిగా తెగలేదు, లేదా జబ్బు మెడలోనో ఇంకెక్కడో ఉంది. బాగా తగ్గి కొన్ని నెలలకో ఏళ్లకో తిరగబెడితే మచ్చ నరాన్ని పట్టేసి ఉండాలి. అప్పుడు రెండోసారి తెరిచి, చిటికెన వేలి వైపు కొవ్వును నరం మీదికి దుప్పటిగా జరుపుతారు. ఆపరేషన్‌కు ముందు లేని కొత్త బాధ, అంటే బొటనవేలు హఠాత్తుగా లేవకపోవడం, మచ్చ తాకితే కరెంటు షాక్ కొట్టడం, కొత్త వేలు మొద్దుబారడం వస్తే ఏదో కొమ్మ దెబ్బతిన్నదేమోనని వెంటనే చూడాలి. ఇందులో నెలలు ఆగితే బాగుచేసే అవకాశం తగ్గుతుంది.

రెండు చేతులూ ఒకేరోజు చేయించమని కొందరంటారు. విదేశాల్లో చేస్తారు కూడా. మన ఇళ్లలో ఒక చేత్తో తిని, ఇంకో చేత్తో కడుక్కునే మనిషికి రెండు చేతులకూ కట్లు ఉంటే పది రోజులు నరకం. ముందు కుడిచేయి, కుట్లు తీసి రెండు వారాలు గడిచాక ఎడమచేయి. కుడిచేయి అయ్యాక ఎడమచేతి బాధ కూడా తగ్గినట్టనిపించి వెనకాడేవాళ్లు ఉన్నారు. స్ప్లింట్ పెట్టి ఇంకో రెండు నెలలు చూసినా తప్పులేదు, ఆ చేయి మధ్యస్థమే కాబట్టి.

కుట్టుపని: చేత్తో హెమ్మింగ్, బటన్లు కుట్లు తీసిన మర్నాటి నుంచి, సూది స్పర్శ తెలిసినంతవరకు. మిషన్ మీద తేలిక బట్ట మూడు నాలుగు వారాలకు. కత్తెర మాత్రం వేరు, దాని పిడి సరిగ్గా పిల్లర్ మీదే నొక్కుతుంది. జీన్స్, బ్లౌజు లైనింగు పొరలు కత్తిరించడం ఎనిమిది వారాల దాకా ఇంకెవరికైనా అప్పగించండి. ఇస్త్రీపెట్టె విషయంలో జాగ్రత్త: వేలికొసలకు స్పర్శ పూర్తిగా రాకముందు కాలినా తెలియదు. స్కూటీ నడిపే అలవాటుంటే బ్రేక్ గట్టిగా, నొప్పి లేకుండా పట్టగలిగినప్పుడు, అంటే మూడు వారాల తర్వాత.

ఇంటికి వచ్చిన రాత్రి కట్టు లోపల నొప్పి గోలీకి తగ్గకుండా పెరుగుతూ వేళ్లు బిగుసుకుపోతే, వేలికొసలు నీలమో తెలుపో అయితే, లేదా నాలుగైదో రోజున గాయం ఎర్రబడి చీము, జ్వరం వస్తే, తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్లండి. మొదటిదాంట్లో చాలాసార్లు కట్టు వదులు చేయగానే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే లోపల గడ్డకట్టిన రక్తాన్ని ఆ రాత్రే తీసేయాలి.